మా అక్క రక్తంలోనూ ఉందన్నారు

నేను ఇప్పుడు బాగానే ఉన్నాను. ఈ మాట ముందే చెబితే చదివేవాళ్ళకు కాస్త ధైర్యం, రాసే నాకూ చెయ్యి కుదురుగా ఉంటుంది. రోజుకు రెండు మాత్రలు, మూడు నెలలకోసారి మూత్రపరీక్ష, ఎండలోకి వెళ్తే పొడుగు చేతుల జాకెట్టు. జబ్బు పోలేదు, అణిగింది. ఇది రెండువేల తొమ్మిది. మొదలై పదేళ్ళయింది.

మాది ప్రకాశం జిల్లా దర్శి. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయనకు ఇద్దరం ఆడపిల్లలం. అక్క మస్తాన్‌బీ నాకంటే ఆరేళ్ళు పెద్దది. అమ్మ పోయాక ఆమె చదువు ఒకటో తరగతిలోనే ఆగిపోయింది. నన్ను బడికి పంపిందీ, టీచరు ట్రైనింగులో చేర్పించిందీ ఆమే. నాన్న తర్వాత పరుపుల కొట్టు బావ చూసుకుంటున్నాడు. మిరప పనులున్న నెలల్లో అక్క కల్లాలకు వెళ్ళి, ఎండబోసిన కాయల్లోంచి రంగు తెల్లబోయిన తాలుకాయలు ఏరేది. నేను దర్శికి నాలుగు మైళ్ళ దూరంలో ఒక పల్లెలో టీచర్ని. మా ఆయన మీరావలి పత్తి మిల్లులో ఫిట్టరు. మాకు ఒక్కతే కూతురు, రేష్మా.

తొంభై తొమ్మిదిలో, మిరప కోతల రోజుల్లో మొదలైంది. పొద్దున లేచేసరికి వేళ్ళు మడతపడేవి కావు. చాక్‌పీసు జారి కిందపడితే పిల్లలు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. తర్వాత బుగ్గల మీద, ముక్కు మీదుగా ఎర్రగా మచ్చ లేచింది. మా బడి చుట్టూ కల్లాలే. ఆ కాయల మీదుగా గాలి తిరిగితే తరగతిలో అందరం తుమ్మేవాళ్ళం. కాబట్టి మిరప ఘాటు పడలేదన్నారు. నేనూ అదే అనుకున్నాను. కానీ కాయలు బస్తాలకెత్తి గుంటూరు యార్డుకు పోయాక కూడా మచ్చ పోలేదు.

ఆ తర్వాత దాదాపు రెండేళ్ళు జ్వరాలతోనే గడిచాయి. టైఫాయిడన్నారు, మలేరియా అన్నారు, కీళ్ళవాతం అన్నారు. దువ్వెన నిండా జుట్టు, నోట్లో పుళ్ళు. బడికి సెలవు మీద సెలవు. పైకి చూస్తే మనిషి మామూలుగానే ఉంటుంది, కానీ మంచం దిగదు. అలాంటి మనిషిని ఇంట్లోవాళ్ళు ఎంతకాలం నమ్ముతారు? మా ఆయన మంచివాడే. ఒకరోజు అన్నం కలుపుకుంటూ, నిజంగానే నొప్పా, లేక బడికి పోవడం ఇష్టం లేకా అని అడిగాడు. కోపంగా కాదు, మామూలుగానే. ఆ ప్రశ్న నన్ను జ్వరం కంటే ఎక్కువ కుంగదీసింది. అక్క ఒక్కతే ఎప్పుడూ అలా అడగలేదు.

రెండువేల ఒకటి ఫిబ్రవరిలో, నీళ్ళ బిందె ఎత్తబోయి నేను పెరట్లోనే కూలబడిపోయాను. అక్క ఇక ఎవర్నీ అడగలేదు. మర్నాడే నన్ను గుంటూరు బస్సెక్కించింది.

గుంటూరులో మేం చూపించుకున్న డాక్టరుగారు యాభై దాటిన ఆవిడ. తక్కువ మాట్లాడతారు. నా వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూశారు, నోరు తెరిపించారు, ఎండలో తిరిగితే మచ్చ ఎక్కువవుతుందా అని అడిగారు. అవునన్నాను. రెండేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే ఒంటి మీదకు తిరిగినట్టున్నాయని, లూపస్ అనే జబ్బు కావచ్చని, రక్తం హైదరాబాదు పంపితే తెలుస్తుందని చెప్పారు. అప్పటిదాకా వేసుకోమని కొన్ని మాత్రలు రాశారు. కాళ్ళు వాచినా, మూత్రం నురగగా వచ్చినా ఆగకుండా రమ్మన్నారు.

అప్పుడు నా పక్కన కూర్చున్న అక్క మోకాళ్ళు రుద్దుకుంటోంది. డాక్టరుగారు అది చూసి నొప్పులా అని అడిగారు. రోజంతా గొంతుక్కూర్చుని కాయలేరితే ఎవరికైనా ఉంటాయండీ అని అక్క తేలిగ్గా అంది. ఎందుకైనా మంచిది, ఒక కడుపున పుట్టినవాళ్ళు కదా అని డాక్టరుగారు అదే చీటీ మీద రెండో పేరు రాశారు. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని చేతులు చాపాం. సూది అంటే అక్కకే భయం. నా భుజంలో ముఖం దాచుకుంది.

పది రోజుల తర్వాత రిపోర్టుల కోసం నేనొక్కదాన్నే వెళ్ళాను. మా ఆయనకు మిల్లులో సీజను పని, అక్క కల్లంలో ఉంది. ల్యాబులో రెండు కవర్లు ఇచ్చారు. డాక్టరుగారి దగ్గరకు వెళ్తే ఆవిడ ఊళ్ళో లేరు, మూడు వారాలకు గానీ రారని కాంపౌండరు చెప్పాడు. వేరే డాక్టరుకు చూపించుకోండి అని కూడా అన్నాడు. నేను ఆ మాట చెవిన వేసుకోలేదు. బెంచీ మీద కూర్చుని కవర్లు చించాను.

నా కాగితంలో యాంటీ న్యూక్లియర్ యాంటీబాడీ అని ఉండి, ఎదురుగా పాజిటివ్ అని ఉంది. భయం కంటే ముందు నాకు ఒకరకమైన నిమ్మళం కలిగింది. ఇక నన్నెవరూ నటిస్తున్నానని అనరు. తర్వాత రెండో కవరు తీశాను. మస్తాన్‌బీ, ముప్పై అయిదు, ఆడ. అక్కడా అదే మాట. పాజిటివ్. పక్కన ఏదో అంకె ఉంది, నా అంకె కంటే చాలా చిన్నది. ఆ అంకెకు అర్థం ఉంటుందని నాకు తోచలేదు. ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ చదివాను.

బస్సులో మూడున్నర గంటలు కవర్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అద్దంకి దాటాక అక్క కవరు మడిచి జాకెట్టులో దోపుకున్నాను. బస్టాండులో నా కోసం నిలబడి ఉంది అక్క, కల్లం నుంచి అటే వచ్చినట్టుంది, చీర మీద ఎర్రటి దుమ్ము. నా సంగతి చెప్పాను. గట్టిగా చెయ్యి పట్టుకుంది. నాదేమన్నారే అని అడిగింది.

"నీకేం లేదంట" అన్నాను.

ఎందుకు దాచానో ఇప్పుడైతే నాలుగు కారణాలు చెప్పగలను. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. రెండేళ్ళు నేను పడింది ఆమె మొదలుపెట్టాల్సి వస్తుందని. నాలుగు రోజులైనా తెలియకుండా ఉండనీ అనుకున్నాను. డాక్టరుగారు వచ్చాక ఆవిడే చెబుతారులే అనుకున్నాను. మా ఆయనకూ చెప్పలేదు.

ఆ మూడు వారాలూ అక్కను కనిపెట్టుకుని ఉండటమే నా పని అయింది. నేను సెలవులో ఉన్నాను కాబట్టి పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. చెంబు ఎలా పట్టుకుంటుందో చూసేదాన్ని. దువ్వెన తీసి వెలుగులో పెట్టి వెంట్రుకలు చూసేదాన్ని. పడుకుని లేస్తే ఎందుకు పడుకున్నావని అడిగేదాన్ని. ఒకరోజు కల్లం నుంచి వచ్చాక ఆమె బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. మార్చి ఎండలో అందరి బుగ్గలూ అలాగే ఉంటాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి కల్లానికి వెళ్ళొద్దని మొదలుపెట్టాను. వినలేదు. గొడుగు తీసుకుని అక్కడికే వెళ్ళాను.

అప్పటికి బావ ఇంకో రకంగా భయపడుతున్నాడు. నా జబ్బు అంటుకుంటుందేమోనని ఎవరో ఆయనతో అన్నారట. నేను తాగిన గ్లాసు వేరుగా పెట్టడం గమనించాను. ఆ సంగతి మీద అక్కా బావా పోట్లాడుకున్నారు. నేను వెళ్తే ఇంట్లో మాటలు ఆగిపోయేవి. అయినా వెళ్ళేదాన్ని.

ఒక మధ్యాహ్నం కల్లంలో, నలుగురు ఆడవాళ్ళు కాయలేరుతుండగా, అక్క మీద గొడుగు పట్టి నిలబడ్డాను. వాళ్ళు నవ్వారు. అక్క నవ్వలేదు. లేచి నన్ను పరదా పట్టాల చాటుకు తీసుకుపోయింది.

"ఏందే ఇది? ఇరవై రోజుల్నించి చూస్తన్నా. నా ఎంట్రుకలు లెక్కబెడతావు, నా చేతులొంక చూస్తావు. నువ్వు జబ్బు మనిషివా, నేనా?"

జాకెట్టులోంచి కవరు తీసి ఆమె చేతిలో పెట్టాను. చెమటకు తడిసి మెత్తబడిపోయింది. ఆమెకు చదవడం రాదు. మడత విప్పి, తన పేరున్నచోట వేలు పెట్టింది. పేరు గుర్తుపట్టగలదు. కింద ఏముందే అని అడిగింది. చెప్పాను.

ఏడుస్తుందనుకున్నాను. కాగితాన్ని మళ్ళీ అదే మడతల మీద మడిచింది. తర్వాత మెల్లగా అంది.

"నా రగతం గురించి నాకు చెప్పకుండా దాచావా? చదువు రాదనేగా."

పదేళ్ళలో నన్ను అంత గట్టిగా కొట్టిన మాట ఇంకోటి లేదు. అలా కాదక్కా అన్నాను. కాదని నాకే నమ్మకం లేదు.

ఆమె ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు తెల్లవారి మొదటి బస్సుకు తయారై మా ఇంటి ముందు నిలబడింది. డాక్టరుగారు అప్పటికి వచ్చేశారు.

డాక్టరుగారు ముందు అక్క కాగితం చూశారు, అక్కను చూశారు, పెద్దగా కంగారు పడలేదు. తర్వాత నన్ను మంచమెక్కమన్నారు. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి జరిపి కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కారు. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది.

"ఇది ఎప్పట్నుంచి టీచరుగారూ?"

నాకు తెలియదు. అది నిజం. చెప్పులు బిగుతవుతున్నాయని తెలుసు. పొద్దున కళ్ళు ఉబ్బుతున్నాయని తెలుసు. మూత్రం నురగగా పోతోందని కూడా, అడిగాక, తెలుసునని తెలిసింది. మూడు వారాలు అక్క ఒంటి మీద పెట్టిన చూపు ఒక్కపూట నా కాళ్ళ మీద పెట్టలేదు. డాక్టరుగారు నన్ను కోప్పడలేదు. ఆ రోజే ఆస్పత్రిలో చేర్చారు. ఇద్దరి రక్తం మళ్ళీ తీయించారు. ఈసారి చూడాల్సింది వేరే అన్నారు, డీఎన్ఏని పట్టుకునే యాంటీబాడీలు.

ఆ వార్డులో నా మంచం కిటికీ పక్కన. మధ్యాహ్నం ఎండ నేరుగా మీద పడేది. ఎదురు మంచం మీదున్న కోడలికి తోడుగా వచ్చిన సింగరాయకొండ ఆవిడ ఒకరుండేవారు. ఎండ నాకు పడదని విని, తన పాత చీర తెచ్చి కిటికీ ఊచలకు కట్టేశారు. సాయంత్రం విప్పి, మర్నాడు మళ్ళీ కట్టేవారు. నేను అడగలేదు. కోడలికి నయమై వెళ్ళిపోతూ ఆ చీర అక్కడే వదిలేశారు.

రిపోర్టు కోసం తొమ్మిది రోజులు. నడుములో సూది గుచ్చి మూత్రపిండం ముక్క తీశారు. సెలైన్లో స్టెరాయిడ్ ఎక్కించారు. గుండె దడ, నోట్లో లోహపు రుచి. అక్క నా మంచం కిందే పడుకునేది. అవసరమైన మాటలే మాట్లాడేది. తిన్నావా, లే, పడుకో. ఒకసారి మా ఆయన వచ్చి నా కాళ్ళ మీద గుంటలు చూసి బయటికి వెళ్ళిపోయాడు. అరగంటకు తిరిగొచ్చి నా పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. ఆరోజు అన్నం కలుపుకుంటూ అడిగిన ప్రశ్న ఆయనకూ గుర్తుందని అర్థమైంది. మేమిద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

తొమ్మిదోరోజు డాక్టరుగారే కవర్లు పట్టుకుని వచ్చారు. అక్క లేచి నిలబడింది. ఆవిడ నా వైపు తిరిగి ఏదో చెప్పబోతుంటే అక్క అడ్డం వచ్చింది.

"అమ్మా, నాది నాకే చెప్పండి. ఆ తర్వాత దానిది."

డాక్టరుగారు ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మీకు ఈ జబ్బు లేదమ్మా అన్నారు. డీఎన్ఏ పరీక్షలో ఏమీ లేదు, మూత్రం బాగుంది, మోకాళ్ళ నొప్పి పని వల్ల వచ్చిందే. మరి ముందు కాగితంలో ఉందన్నారు గదా అని అక్క వదల్లేదు. అప్పుడు ఆవిడ కాగితం వెనక పెన్నుతో ఒకదాన్నొకటి చుట్టుకున్న రెండు గీతలు గీశారు.

"పురి పెట్టిన దారం" అంది అక్క.

అంతే అనుకోండి అన్నారు డాక్టరుగారు. డీఎన్ఏ అలా ఉంటుంది, ప్రతి కణంలోనూ ఉంటుంది. ఒంట్లో రోజూ కణాలు చస్తుంటాయి, ఆ తుక్కు రక్తంలోకి వస్తుంది. దాన్ని తాకే యాంటీబాడీలు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంలో కూడా కొద్దిగా ఉంటాయి, రోగుల అక్కచెల్లెళ్ళలో ఇంకొంచెం తరచుగా కనిపిస్తాయి. అవి చాలావరకు వదులుగా పట్టుకుంటాయి, వదిలేస్తాయి. పురి విడిపోయిన పోగునూ పట్టుకుంటాయి, ఇంకో దాన్నీ పట్టుకుంటాయి. వాటివల్ల హాని ఉండదు. మీ చెల్లెలి ఒంట్లో పుడుతున్నవి వేరు. అవి పురి ఉన్న దారాన్నే గుర్తుపట్టి బిగించి పట్టుకుంటున్నాయి, వదలడం లేదు. అలా ముద్దకట్టింది వెళ్ళి మూత్రపిండాల్లో ఇరుక్కుంటోంది, అక్కడ వాపు పుడుతోంది. మొదటి పరీక్ష ఉందో లేదో చెబుతుంది గానీ ఎలాంటిదో చెప్పదు.

"దానికే ఎందుకట్టా గట్టిపడ్డాయి? ఒక తల్లి పాలేగా తాగాం" అంది అక్క.

తెలియదమ్మా అన్నారావిడ. ఎండ కొంత, పుట్టుక కొంత, ఆడవాళ్ళ ఒంటి తీరు కొంత, మిగతాది ఎవరికీ పూర్తిగా తెలియదు. మీకు ఎప్పటికీ రాదని కూడా రాసివ్వలేను. కానీ ఈరోజు మీరు రోగి కాదు. లేస్తూ, తలుపు దగ్గర ఆగి, ఆ రోజు మీ రక్తం తీయించకుండా ఉండాల్సింది, తొందరపడ్డాను అన్నారు. ఒక డాక్టరు నోట అలాంటి మాట నేను అంతకు ముందు వినలేదు.

నేను దాచుకోకుండా రాయాల్సింది ఒకటుంది. అక్కకు లేదని విన్నప్పుడు నాకు ముందు కలిగింది సంతోషం కాదు. ఇద్దరి కాగితాల మీదా ఒకే మాట రాసి, ఆమెను వదిలేసి నన్ను పట్టుకుందే అనిపించింది. మూడు వారాలు ఆమెకు జబ్బుందని వణికిన మనిషినే నేను. ఆ వణుకులో నాకు ఒక తోడు దొరికిందన్న ఊరట కూడా ఉందని ఆ నిమిషంలో తెలిసింది. గోడ వైపు తిరిగి పడుకున్నాను. అక్కకు అర్థమైందో లేదో తెలియదు. మంచం మీదకు వచ్చి నా వీపుకు ఆనుకుని కూర్చుంది. పది రోజుల తర్వాత అప్పుడు మళ్ళీ నన్ను, చిన్నప్పటి నుంచి పిలిచినట్టే, జానూ అని పిలిచింది.

ఆ తర్వాత ఏడాది నెలకోసారి సెలైన్లో మందు ఎక్కించుకోవడానికి గుంటూరు. ముఖం గుండ్రంగా ఉబ్బిపోయింది. బడికి తిరిగి వెళ్ళినరోజు ఒకటో తరగతి పిల్ల నన్ను చూసి, మా టీచరెప్పుడొస్తారు అని అడిగింది. జుట్టు పలచబడి చెంగు కప్పుకునేదాన్ని. రెండుసార్లు ఇన్‌ఫెక్షన్ వచ్చి బతుకుతానో లేదో అనుకున్నారు. డీఎన్ఏ రిపోర్టు వచ్చే వారమంతా ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆ అంకె పెరిగితే నెలలోపే కాళ్ళు వాచేవి. ఒకసారి ముఖం వాపు తగ్గుతుందని నేనే మాత్రలు తగ్గించుకున్నాను. దాని ఫలితం మూడు వారాలు వార్డులో అనుభవించాను. ఇది చదివేవాళ్ళెవరైనా ఆ పని చేయకండి. బావ ఒకసారి అక్కతోపాటు గుంటూరు వచ్చి, డాక్టరుగారిని నేరుగా అడిగాడు, అంటుకుంటుందా అని. కాదని ఆవిడ చెప్పాక, మా ఇంటికి కొత్త పరుపు ఒకటి కుట్టి తెచ్చి వేసి వెళ్ళాడు. క్షమించమని అనలేదు. ఆ పరుపు చాలా మెత్తగా ఉండేది.

రెండువేల నాలుగుకు అంకె దిగింది, దిగి నిలబడింది. అక్క ఇప్పటికీ కల్లానికి వెళ్తుంది. ఆమె రక్తంలో ఆ యాంటీబాడీలు ఇప్పటికీ ఉండే ఉంటాయి. మళ్ళీ చూపించుకోలేదు.

పోయినేడు రేష్మాకు పన్నెండు నిండాయి. బడిలో లాంగ్‌జంప్ బాగా చేస్తుంది. ఒకరోజు ఇంటికొచ్చి మోకాలు నొప్పి అంది. జిల్లా పోటీలకు ఒంగోలు వెళ్ళాలి, తల్లిదండ్రులు సంతకం చేయాలని కాగితం తెచ్చింది. నేను ఆ కాగితం పక్కన పెట్టి, ఎవరికీ చెప్పకుండా, పిల్లను తీసుకుని గుంటూరు వెళ్ళాను. బట్టలు కొనిస్తానని చెప్పాను.

డాక్టరుగారికి ఇప్పుడు జుట్టు పూర్తిగా నెరిసింది. పిల్ల మోకాళ్ళు చూశారు, నోరు, చర్మం చూశారు, మూత్రం పరీక్ష చేయించారు. బాగుంది, ఎదిగే పిల్ల, గెంతుతోంది కదా అన్నారు. రక్తం తీయించండి అన్నాను. రాయనన్నారు. బతిమాలాను. పిల్లను బయట కూర్చోమన్నారు.

"ఉందని వచ్చిందనుకోండి. జబ్బు లేని పిల్లకు నేను మందు ఇవ్వను. మరి ఆ కాగితంతో మీరేం చేస్తారు టీచరుగారూ?"

ఏం చేస్తానో నాకు బాగా తెలుసు. లేచి బయటికి వచ్చి పిల్ల చెయ్యి పట్టుకున్నాను.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే అక్క దగ్గరికి వెళ్ళి ఎక్కడికెళ్ళామో, ఎందుకెళ్ళామో చెప్పేశాను. పూర్తిగా విని, ఆ సంతకం కాగితం యాడ పెట్టావో ఎతుకు అంది. వెతికి సంతకం పెట్టాను.

రేష్మా ఒంగోలు వెళ్ళింది. మూడో స్థానం వచ్చింది. కుంటుకుంటూ ఇంటికొచ్చి, అమ్మా మోకాలు నొప్పి అని కాలు నా ఒళ్ళో పెట్టింది. ఎక్కడని అడిగాను. చూపించింది. నూనె వెచ్చజేసి రాశాను. ఇంకేమీ అడగలేదు.